చేలో ప్రమాదకర వ్యర్థం పడితే: డెల్టా మట్టిని శుద్ధి చేయించడం, ఎక్కడెక్కడ కన్నేసి ఉంచాలి

మన గోదావరి డెల్టాలో ఏ చేలో అయినా ఆగర్ (మట్టిని తొలిచి పైకి తీసే పరికరం) దించి చూడండి. మూడు నాలుగు అడుగులు దిగేసరికి చప్పుడు మారిపోతుంది. పైకి లాగితే జిగురుమట్టితో పాటు నీళ్లు కారతాయి. సార్వా (ఖరీఫ్ వరి) రోజుల్లో అయితే రెండడుగులకే నీరు. పక్కన బోదె, గట్టు దాటితే మురుగు కాలువ. ఇలాంటి చోట ఎవరో రాత్రికి రాత్రి ట్యాంకర్ తెచ్చి వాడేసిన ఇంజిన్ ఆయిల్ వంపేసి పోయినా, పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు నుంచి యాసిడ్ నీళ్లు దిగినా, మెట్ట భూముల కోసం రాసిన పద్ధతులు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

నేను చాలా ఏళ్లుగా మట్టి నమూనాలు తీసే పనిలో ఉన్నాను. పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపే ఎక్కువ తిరిగాను. శుద్ధి పని పాడైన చోట్ల కారణం దాదాపు ఒకటే: పొక్లెయిన్ రాకముందు మట్టిలో ఏముందో ఎవరూ రాసి పెట్టుకోలేదు, కాలువలకి నీళ్లు ఎప్పుడు కట్టేస్తారో చూసుకోకుండా పనిలో దిగారు. అందుకే ఈ మార్గదర్శిలో యంత్రాల కన్నా కాగితాల గురించీ, తేదీల గురించీ ఎక్కువ చెబుతాను. 1995 జనవరి 8న మొదలై 65 రోజులు మండిన పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ లాంటివి దేశమంతా చూస్తుంది. పత్రికల్లోకి రాని ఐదు సెంట్ల సంగతి మాత్రం ఆ రైతు, ఆ పంచాయతీ చూసుకోవాల్సిందే.

1. మొదటి రోజు: అడ్డుకట్ట వేయండి, దున్నకండి

గ్యాస్ వాసన వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి అందరినీ గాలి వచ్చే వైపుకి దూరంగా పంపి, 101కో 112కో ఫోన్ చేయండి. మోటార్ స్విచ్ కూడా ముట్టుకోవద్దు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలుడు చూసిన జిల్లాకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ భయం లేకపోతే ముందు నీటిని ఆపాలి. చేలోకి వచ్చే తూము, చేలోంచి మురుగు కాలువకి పోయే గండి రెండూ మట్టితో మూసేయండి. మరక చుట్టూ అడుగు ఎత్తు గట్టు వేసి, పైన బరకం కప్పండి. గట్టుకి కావాల్సిన మట్టి మరక లోపలి నుంచి తీయకూడదు, బయటి నుంచి తేవాలి. పశువుల్ని, బాతుల్ని అటు రానివ్వకండి.

చాలామంది కంగారులో మూడు పొరపాట్లు చేస్తారు. దున్నేస్తే కలిసిపోతుందని దున్నుతారు. నీళ్లు పెట్టి కడుగుతారు. నిప్పు పెడతారు. దున్నితే పైన నాలుగంగుళాల్లో ఉన్నది అడుగు లోతుకి పోయి, శుద్ధి చేయాల్సిన మట్టి మూడింతలవుతుంది. కడిగితే అది బోదెలోకి, అక్కడి నుంచి పక్క ఊరి మంచినీళ్ల చెరువులోకి చేరవచ్చు. తగలబెడితే ఏమవుతుందో పీల్చినవాళ్లకే తెలుస్తుంది.

ఫోటోలు తీయండి, తేదీ పడేలా. డ్రమ్ముల మీద లేబుల్ ఉంటే దగ్గరగా తీయండి. లారీ నంబరు ఎవరైనా చూశారేమో అదే రోజు అడగండి. వారం పోతే ఎవరికీ గుర్తుండదు.

2. చట్టం దాన్ని ఏమంటుందో తెలుసుకోండి

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 ఇక్కడ ఆధారం. వాటిలో మొదటి షెడ్యూల్ ఏ పని నుంచి పుట్టిన వ్యర్థం ప్రమాదకరమో చెబుతుంది. వాడేసిన నూనె, నూనె కలిసిన డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు వాడే బురద), నూనె ఉన్న బురద, గడువు దాటిన పురుగుమందుల నిల్వలు, విషరసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు ఇందులోకి వస్తాయి. నీటి ఆధారిత మడ్‌తో తవ్వినప్పుడు వచ్చే రాతిపొడిని మాత్రం మినహాయించారు. చమురు బావి పక్క గుంట గురించి ఎవరైనా ‘ఇది వాటర్ మడ్డేనండి’ అంటే రికార్డు చూపించమనండి. రెండో షెడ్యూల్ మోతాదుల లెక్క. దాని సంగతి రిపోర్టు చదివేటప్పుడు చూద్దాం.

వ్యర్థాన్ని పుట్టించినవాడు దాన్ని మామూలుగా 90 రోజులకు మించి తన దగ్గర ఉంచుకోకూడదు. ప్రమాదం జరిగితే కాలుష్య నియంత్రణ మండలికి వెంటనే తెలియజేయాలి. పర్యావరణానికి కలిగిన నష్టానికి 23వ నిబంధన కింద బాధ్యత అతనిదే, శుద్ధి కేంద్రం నడిపేవారిదీ కూడా.

3. ఫిర్యాదు: ఒకే కాగితం, మూడు చోట్ల

పంచాయతీకి, తహసీల్దారుకి, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకే ఫిర్యాదు ఇవ్వండి. సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, దగ్గరలో ఉన్న బోదె పేరు, తాగునీటి చెరువు దూరం, ఎప్పుడు చూశారు, ఏం చూశారు. అంతే చాలు. ‘విషం చల్లి మా ఊరిని చంపేస్తున్నారు’ అని రాస్తే చదివేవాడికి కోపం అర్థమవుతుంది గానీ చోటు అర్థం కాదు. నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇస్తే ఒక నంబరు వస్తుంది, దాన్ని పట్టుకుని అడగవచ్చు.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వీటివల్ల ఊరికి ఒక మేలు జరిగింది. అనుమానిత స్థలాల్ని గుర్తించే పని స్థానిక సంస్థకి, జిల్లా యంత్రాంగానికి అప్పగించారు. ఆ జాబితా అందాక రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. అనుమానం నిలబడితే మరో మూడు నెలల్లో వివరంగా పరీక్షించాలి. కలుషితమని తేలితే నిపుణుల సంస్థ శుద్ధి ప్రణాళిక ఇస్తుంది, కారకులెవరో మండలి తేల్చాలి, ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. కాబట్టి పంచాయతీ తీర్మానం చేసి జిల్లాకి పంపడం చాలా విలువైన పని. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల వ్యర్థాలు, సముద్రంలో చమురు తెట్టు, మామూలు చెత్త డంపులు వీటి కిందకి రావు, వాటికి వేరే చట్టాలున్నాయి.

4. నమూనాలు: ఇక్కడ తొందరపడితే అంతా పోతుంది

నా మొదటి రోజుల్లో ఒక కొబ్బరి తోటలో నూనె పడిన మట్టిని ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి, ఐస్ లేకుండా, మర్నాడు బస్సులో ల్యాబుకి పట్టుకెళ్లాను. మే నెల ఎండ. తేలికగా ఆవిరయ్యే భాగం దారిలోనే పోయింది, మిగిలిన దాంట్లో కొంత ప్లాస్టిక్ పీల్చుకుంది. అంకెలు ఎంత తక్కువ వచ్చాయంటే, నేలని చేత్తో ముట్టుకుంటేనే జిడ్డు అంటుతుంటే కాగితం మీద శుభ్రంగా ఉన్నట్టుంది. మళ్లీ తీద్దామనుకునేలోపు వానలు దిగాయి. ఆ తోట యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ ఇబ్బంది.

కాబట్టి నూనె, పురుగుమందులు అనుమానం ఉంటే వెడల్పు మూతి గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత, ఖాళీ లేకుండా కుదించి నింపడం, 4 డిగ్రీల దగ్గర ఐస్ పెట్టె. సీసం, కాడ్మియం లాంటి లోహాలకైతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి సరిపోతుంది. నూనె నమూనా 14 రోజుల్లోపు ల్యాబులో పరీక్షకి ఎక్కాలి.

ఎక్కడ తీయాలి? మరక మధ్యలో, అంచున, అంచు దాటి రెండు మీటర్ల బయట. ప్రతి చోటా 0-15, 15-30, 30-60 సెంటీమీటర్లు విడివిడిగా, నీరు తగిలే లోతులో ఇంకొకటి. అన్నీ గమేళాలో పోసి కలిపేసి ఒక్కటిగా పంపడం ఎరువుల పరీక్షకి చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. పైన ఉన్న విషం కింది శుభ్రమైన మట్టితో కలిసి సగటులో మాయమైపోతుంది. ఒక్కో లోతుకి వెళ్లే ముందు ఆగర్‌ని సబ్బునీళ్లతో కడగండి, లేకపోతే పైది కిందకి అంటుతుంది.

ఇంకొకటి తప్పకుండా: అదే నేల, అదే ఆయకట్టు, ఏమీ పడని చేలో రెండు మూడు నమూనాలు. గోదావరి ఒండ్రులోనే సహజంగా కొంత క్రోమియం, మాంగనీసు ఉంటాయి. పోల్చడానికి ఇవి లేకపోతే ‘అది మీ మట్టి గుణమండి’ అనే సమాధానం తప్పదు.

ప్రతి సీసా మీద నంబరు, లోతు, గంట. సీలు మీద ఇద్దరి సంతకాలు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో ఒక కాగితం సీసాతో పాటే నడవాలి. మండలి వాళ్లు తీసినా మీరు పక్కనుండి రాసుకోండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబునే ఎంచుకోండి, ఆ గుర్తింపు మీరు అడిగే పరీక్షకి వర్తిస్తుందో లేదో ముందే చూడండి.

5. రిపోర్టు చదవడం: రెండు వేర్వేరు ప్రశ్నలు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ‘ఇది ప్రమాదకర వ్యర్థమా?’ అనేది ఒక ప్రశ్న. ‘ఇక్కడ పంట వేయవచ్చా?’ అనేది ఇంకొకటి.

మొదటిదానికి టీసీఎల్‌పీ అనే పరీక్ష చేస్తారు. మట్టిని 20 రెట్ల బరువైన ఎసిటిక్ యాసిడ్ ద్రావణంలో 18 గంటల పాటు తిప్పి, ఎంత లోహం నీళ్లలోకి దిగిందో కొలుస్తారు. రెండో షెడ్యూల్ ప్రకారం లీటరుకి సీసం 5, కాడ్మియం 1, పాదరసం 0.2 మిల్లీగ్రాములు హద్దు. నూనెకి మాత్రం మొత్తం లెక్క: కిలో మట్టికి పెట్రోలియం హైడ్రోకార్బన్లు 5,000 మిల్లీగ్రాములు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. కిలో మట్టిలో మొత్తం సీసం 100 మిల్లీగ్రాములు ఉందనుకోండి. అది మొత్తం కరిగినా 20 లీటర్లలోకే, అంటే లీటరుకి 5. అంతకన్నా తక్కువ సీసం ఉన్న మట్టి ఈ పరీక్షలో ఎప్పటికీ తప్పదు, పాసవుతూనే ఉంటుంది. కానీ కెనడా వాళ్లు వ్యవసాయ భూమికి పెట్టుకున్న సీసం హద్దు కిలోకి 70 మిల్లీగ్రాములే. 90 ఉన్న చేను ‘ప్రమాదకర వ్యర్థం కాదు’ అనే సర్టిఫికెట్‌తో పాటే మీకు ఆకుకూరలు పండిస్తుందన్నమాట. అందుకే ల్యాబుకి టీసీఎల్‌పీతో పాటు మొత్తం మోతాదు కూడా రాసివ్వమని అడగండి. శుద్ధి లక్ష్యం కూడా భూమి దేనికి వాడతారో దాన్ని బట్టి పెట్టించండి. ఫ్యాక్టరీ స్థలానికి సరిపోయే అంకెని వరిచేనుకి ఒప్పుకోకండి.

6. ఏ మందు దేనికి

నూనె మట్టి: సూక్ష్మజీవులతో శుద్ధి ఇక్కడి ఎండకి, తేమకి బాగా నడుస్తుంది. టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్ జాపర్ లాంటి మిశ్రమాలు ఉన్నాయి, కానీ జీవుల్ని చల్లి వదిలేస్తే పని జరగదు. వాటికి గాలి, తేమ, నత్రజని, భాస్వరం కావాలి. సాధారణంగా కార్బన్ 100 పాళ్లకి నత్రజని 10, భాస్వరం 1 అని లెక్క. మన ఐదు సెంట్లు తీసుకోండి. అది 202 చదరపు మీటర్లు. అర మీటరు లోతు మట్టి దాదాపు 160 టన్నులు. కిలోకి 10,000 మిల్లీగ్రాముల నూనె ఉంటే మొత్తం 1.6 టన్నుల నూనె. దానికి ఆరేడు బస్తాల యూరియా, నాలుగు బస్తాల సూపర్ ఫాస్ఫేట్ లెక్కకొస్తాయి. ఇదంతా ఒకేసారి వేస్తే జీవులు చస్తాయి, మిగిలిన నత్రజని నీళ్లలోకి దిగుతుంది. నెలల తరబడి విడతలుగా వేయాలి. కింద మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, చుట్టూ గట్టు, కారిన నీళ్లు పట్టే గుంట, వారానికోసారి తిరగేయడం. ఆరు నెలల నుంచి రెండేళ్లు పడుతుంది. రెండు వారాల్లో అయిపోతుందని చెప్పేవాడిని గుమ్మంలోనే ఆపండి.

మన నల్లమట్టి తడిస్తే ముద్ద, ఎండితే పెంకు. గాలి ఆడదు. దీన్ని గుల్ల చేయడానికి ఊక, కొబ్బరి పొట్టు కలపాలి. ఇక్కడే ఒక మోసానికి సందుంది. నాలుగో వంతు పొట్టు కలిపితే నూనె ఏమీ తగ్గకుండానే కిలోకి లెక్క తగ్గిపోతుంది. ఎంత కలిపారో తూకం రాయించి, మొత్తం నూనె ఎన్ని కిలోలు తగ్గిందో అడగండి.

సీసం: లోహాన్ని ఏ జీవీ తినేయదు. సిమెంటుతోనో ఫాస్ఫేట్‌తోనో కట్టిపడేయవచ్చు, లేదా తవ్వి పంపేయవచ్చు. కట్టిపడేస్తే కరగడం తగ్గుతుంది, సీసం అక్కడే ఉంటుంది. అలాంటి చోటు పత్రాల్లోకి ఎక్కాలి, కూరగాయలు వేయకూడదు, పిల్లలు ఆడకూడదు. ఆర్సెనిక్ కూడా ఉంటే ఫాస్ఫేట్ వద్దు, అది ఆర్సెనిక్‌ని వదిలించి నీళ్లలోకి తోస్తుంది. అలాగే ఆర్సెనిక్ ఉన్న మట్టిలో నిలువ నీటితో వరి వేస్తే అది ఇంకా కరుగుతుంది, కాడ్మియం మాత్రం దీనికి తలకిందులుగా, నీరు తీసేసినప్పుడే ఎక్కువగా గింజలోకి పోతుంది. ఆరు విలువల క్రోమియం అయితే ఫెర్రస్ సల్ఫేట్‌తో తక్కువ హాని చేసే మూడు విలువల రూపానికి మారుస్తారు.

మట్టిని కడిగే పద్ధతి ఇసక నేలలకి. సముద్రం ఒడ్డున ఏమో గానీ మన జిగటమట్టికి దండగ. ఆవ మొక్కలు, ఫెర్న్‌లు పెంచి లోహాలు పీల్పించడం చాలా నెమ్మది, పైగా ఆ కోసిన మొక్కలు కూడా ప్రమాదకర వ్యర్థమే అవుతాయి. పొయ్యిలో పెట్టకండి.

7. పనికి తేదీ పెట్టడం

దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు, జూన్ మొదట్లో మళ్లీ నీళ్లు వదులుతారు. తవ్వకం ఆ మధ్యలోనే పూర్తవ్వాలి. నీటిమట్టం కిందకి పోయేది అప్పుడే. అంటే నమూనాలు జనవరి, ఫిబ్రవరిలో, అనుమతులు మార్చిలో తేలాలి. కాంట్రాక్టరు జూన్‌లో మొదలెడతానంటే వచ్చే ఏడాదికి వాయిదా వేసి, అప్పటిదాకా బరకం గట్టిగా కప్పించడమే నయం.

తవ్వేటప్పుడు మొత్తం గొయ్యి ఒకేసారి తెరవకుండా ఆరేసి అడుగుల పట్టీలుగా తీయించండి. గొయ్యిలో ఊరిన నీళ్లు మోటారు పెట్టి బోదెలోకి తోడేస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను. ఆ నీళ్లు కూడా ట్యాంకులోకి పోవాలి, పరీక్షించి శుద్ధి చేశాకే బయటకి. కూలీలకి బూట్లు, చేతి తొడుగులు, వాసన ఉంటే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే ఆవిరి ఆగదు.

8. లారీ ఎక్కిన మట్టి

మన వైపు నుంచి ప్రమాదకర వ్యర్థాలు పాతిపెట్టే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. 160 టన్నులంటే పది లారీలు. ప్రతి లారీకి ఏడు కాపీల మానిఫెస్ట్ (వ్యర్థం రవాణా పత్రం) ఉండాలి. పంపినవారి దగ్గర పసుపు కాపీ ఉంటుంది, సరుకు అందాక అక్కడి నుంచి నీలం కాపీ తిరిగి రావాలి. పది పసుపు కాపీలకి పది నీలం కాపీలు, బరువులు సరిపోలాలి. ఎనిమిదే వచ్చాయంటే రెండు లారీలు దారిలో ఏ గోతిలోనో ఖాళీ అయ్యాయేమో అడగాల్సిందే. పంచాయతీ పని చేయించకపోయినా ఈ నకళ్లు ఆర్‌టీఐ కింద పది రూపాయలతో అడగవచ్చు.

గొయ్యి పూడ్చడానికి తెచ్చే మట్టి మీద కూడా కన్ను ఉండాలి. ఒకచోట శుద్ధి అయిపోయిందని కుప్ప చూపించారు, అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్క చేను పెద్దాయన ఒక గడ్డ తీసి నలిపి నాతో అన్నాడు: ‘ఇది మన మట్టి కాదండి బాబూ. మనది ఎండితే పెంకులా బీటలిస్తది. ఇది చేతిలో రాలిపోతంది.’ నిజమే, లంక ఇసక తెచ్చి కలిపేశారు. ల్యాబు పట్టుకోలేనిది ఆయన అరచేతిలో దొరికింది. శుభ్రమైన మట్టి కలిపి పలచన చేయడం శుద్ధి కింద లెక్కకి రాదని ఒప్పందంలోనే రాయించండి.

9. ముగిసిందని ఎవరు చెప్పాలి

పని చేసినవాడి ల్యాబు వేరు, తనిఖీ ల్యాబు వేరు. గొయ్యి పూడ్చకముందు అడుగున, నాలుగు గోడల్లో నమూనాలు తీయాలి. ఒక్క గోడలో హద్దు దాటినా అటువైపు ఇంకొంత తవ్వాలి. ‘సగటున బాగానే ఉంది’ అనే మాట వద్దు.

ఖర్చు ఎగ్గొట్టినా, నష్టపరిహారం రావాల్సి ఉన్నా జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచి. వివాదానికి ఆరు నెలల్లోపు, నష్టపరిహారానికి, భూమి పునరుద్ధరణకి ఐదేళ్లలోపు వెళ్లాలి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకి రుసుము వెయ్యి రూపాయలు. అక్కడ మొదట అడిగేది ఆ మొదటి రోజు ఫోటోలు, స్టాంపు ఉన్న నకలు, సీసాలతో నడిచిన ఆ కాగితం.

10. తర్వాత రెండేళ్లు

మూడు పరిశీలన బోర్లు వేయించండి, రెండు చాలవు. మెట్టలో నీరు ఎటు పోతుందో ఒకసారి చూస్తే చాలు. ఇక్కడ కాలువ నిండుగా ఉన్నప్పుడు నీరు కాలువ నుంచి చేలోకి ఊరుతుంది, కాలువ కట్టేశాక చేలోంచి కాలువ వైపు లాగవచ్చు. సార్వాలో ‘పై బోరు’ అనుకున్నది వేసవిలో ‘కింది బోరు’ అయిపోతుంది. అందుకని కాలువ నడిచేటప్పుడు ఒకసారి, కట్టేసినప్పుడు ఒకసారి నీటిమట్టం కొలిచి, రెండుసార్లూ నమూనా తీయాలి. మొదటి పంటగా వరి వేస్తే గింజని కూడా పరీక్షకి పంపండి, గడ్డిని పశువులకి వేసేముందు దాన్నీ. బోరు మూతకి తాళం వేసి, ఒక తాళంచెవి పంచాయతీలో, ఇంకోటి రైతు దగ్గర ఉంచండి. మూత తెరిచిన ప్రతిసారీ తేదీ, ఎవరు తెరిచారో ఫైల్లో రాయండి.